1928 నాటి ఫుటేజీలో చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్న ఆవిడ: కాలప్రయాణమా, ఇంకేమైనానా?

కాలచక్రం (రాత్రి 9:10)

అందరికీ నమస్కారం. చాప్లిన్ తీసిన 'ది సర్కస్' ప్రీమియర్ ఫుటేజీ మీలో చాలామంది చూసే ఉంటారు. చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. 1928 జనవరిలో, లాస్ ఏంజెలెస్‌లో గ్రామన్స్ చైనీస్ థియేటర్ ముందు తీసిన దృశ్యం అది. ప్రచారం కోసం పెట్టిన జీబ్రా బొమ్మ ఒకటి కనిపిస్తుంది. దాని ముందు నుంచి ఒక సన్నటి మనిషి గబగబా నడిచి వెళ్లిపోతాడు. అతని వెనకే నల్లకోటు, టోపీ వేసుకున్న కాస్త లావుపాటి ఆవిడ వస్తుంది. ఆవిడ చెయ్యి చెవి దగ్గర ఉంటుంది, అచ్చం మనం సెల్‌ఫోన్ పట్టుకున్నట్టే. ఫ్రేమ్ దాటబోయే ముందు మొహం కొంచెం ఇటు తిప్పుతుంది, పెదాలు కదులుతాయి.

2010 అక్టోబరులో బెల్‌ఫాస్ట్‌కి చెందిన ఫిల్మ్‌మేకర్ జార్జ్ క్లార్క్ దీన్ని ఆ సినిమా డీవీడీతో వచ్చిన అదనపు వీడియోల్లో గమనించి యూట్యూబ్‌లో పెట్టాడు. ఎంతమందికి చూపించినా సరైన సమాధానం దొరకలేదనీ, కాలంలో ప్రయాణించి వచ్చిన మనిషి ఫోన్‌లో మాట్లాడుతున్నట్టే తనకి అనిపిస్తోందనీ చెప్పాడు. నేను ఈ క్లిప్ చాలాసార్లు చూశాను. నాకూ అలాగే అనిపిస్తుంది. కొట్టిపారేయకుండా కారణంతో మాట్లాడేవాళ్ల అభిప్రాయాలు కావాలి.

బెజవాడ కుర్రాడు (రాత్రి 9:24)

అన్నా, నేను ఇప్పుడే చూశా. ఒళ్లు జలదరించింది. పక్కన ఎవరూ లేరు, ఒక్కతే మాట్లాడుకుంటూ పోతోంది. ఇవాళ బీసెంట్ రోడ్డులో నిలబడితే పదిమందిలో ఆరుగురు అలాగే కనబడతారు.

ఓరుగల్లు మాస్టారు (రాత్రి 9:51)

కాలచక్రం గారూ, కారణంతో మాట్లాడమన్నారు కాబట్టి ఫోన్ దగ్గరే మొదలుపెడతాను. నేను ఇంటర్‌లో ఫిజిక్స్ చెబుతాను.

చేతిలో ఫోన్ ఉన్నంత మాత్రాన మాట కలవదు. దగ్గర్లో టవర్ ఉండాలి, దాని వెనక ఎక్స్‌ఛేంజ్ ఉండాలి, అవతల ఇంకొకరి చేతిలో ఇంకో ఫోన్ ఉండాలి. 1928లో వైర్‌లెస్‌లో మాట్లాడటం లేదా అంటే ఉంది. న్యూయార్క్, లండన్ మధ్య రేడియో ద్వారా టెలిఫోన్ సర్వీసు 1927 జనవరి 7న మొదలైంది. కానీ దానికోసం ఇంగ్లండ్‌లో రగ్బీ దగ్గర పెద్దపెద్ద ఏరియల్ స్తంభాలతో ట్రాన్స్‌మిటర్ స్టేషన్ కావలసివచ్చింది. మూడు నిమిషాల మాటకి 75 డాలర్లు. అదే 1928లో డెట్రాయిట్ పోలీసులు కార్లలో రేడియోలు పెట్టారు. స్టేషన్ వాళ్లు చెప్పింది కారులో వినబడుతుంది, కారులోంచి తిరిగి చెప్పడానికి లేదు. కారులో కూర్చుని రెండువైపులా మాట్లాడే టెలిఫోన్ సర్వీసు సెయింట్ లూయిస్‌లో 1946లో వచ్చింది, ఆ సామాను బరువు 36 కిలోలు. చేత్తో పట్టుకునే సెల్‌ఫోన్‌లో మొదటి కాల్ 1973 ఏప్రిల్ 3న న్యూయార్క్ వీధిలో మోటరోలా ఇంజనీరు మార్టిన్ కూపర్ చేశాడు. అదీ కిలో పైన బరువే.

కాబట్టి ఆవిడ చేతిలో ఉన్నది ఫోనే అనుకున్నా, ఎవరితో మాట్లాడుతోంది?

కాలచక్రం (రాత్రి 10:05)

మాస్టారూ, కాలంలో వెనక్కి రాగలిగిన మనిషికి టవర్ అవసరం లేని ఫోన్ కూడా ఉండొచ్చు కదా? అవతలి మనిషి కూడా వాళ్లతో వచ్చిన బృందంలోని వాళ్లే కావచ్చు. మన పరికరాల కొలతతో వాళ్ల పరికరాలను తూచడం సరికాదు.

ఓరుగల్లు మాస్టారు (రాత్రి 10:19)

టవర్ అక్కర్లేని, వెనక్కి ప్రయాణించే మనుషులు వాడే పరికరం అంటున్నారు. సరే. అంత ముందుకెళ్లినవాళ్ల పరికరం ఖచ్చితంగా 2010 నాటి సెల్‌ఫోన్ సైజులోనే ఎందుకుంది? దాన్ని చెవికే ఎందుకు ఆనించుకోవాలి? ఇప్పటికే మన పిల్లలు చెవిలో చిన్న బటన్ పెట్టుకుని చేతులు ఊపుకుంటూ మాట్లాడుతున్నారు. ఆ ఫుటేజీలో కనిపిస్తున్నది మన జేబులో ఉన్న వస్తువు. భవిష్యత్తు అందులో ఎక్కడా లేదు.

సీతమ్మధార (రాత్రి 10:48)

మాస్టారి ఆఖరి మాటకి నా దగ్గర ఒక ఉదాహరణ ఉంది.

మా పెళ్లి ఆల్బమ్‌లో, 1978, మా చిన్న మావయ్య పందిట్లో ఒక మూల నిలబడి ఉంటాడు. తల ఒక పక్కకి వంచి, అరచేతిలో నల్లటిది ఏదో చెవికి ఆనించుకుని, నోరు సగం తెరిచి. మొన్న సంక్రాంతికి మనవడు ఆ ఫోటో చూసి, "అమ్మమ్మా, ఆ తాతకి అప్పుడే సెల్ ఉందా?" అన్నాడు. అది ట్రాన్సిస్టర్. డిసెంబరులో వెస్టిండీస్‌తో టెస్ట్ మ్యాచ్ కామెంటరీ. తాళి కట్టే టైముకి కూడా దాన్ని వదల్లేదు మా మావయ్య. గోల మధ్య వినబడదు కాబట్టి చెవికి అదిమి పట్టుకునేవాడు, "అబ్బా, పోయింది" అని తనలో తనే గొణుక్కునేవాడు. ఫోటో తీసినాయన సరిగ్గా ఆ క్షణం పట్టాడు.

మా తరం వాళ్లకి ఆ ఫోటోలో ఎప్పుడూ ట్రాన్సిస్టరే కనబడింది. ఆ చాప్లిన్ ఫుటేజీ 1970ల్లో ఎవరైనా చూసి ఉంటే, అప్పటికింకా లేని ట్రాన్సిస్టర్ 1928లో ఎలా వచ్చిందని అడిగేవాళ్లేమో.

బెజవాడ కుర్రాడు (రాత్రి 10:55)

అమ్మా, ఆ ఫోటో ఇక్కడ పెట్టగలరా? చూడాలని ఉంది.

సీతమ్మధార (రాత్రి 11:02)

అందులో ఇంకా చాలామంది ఉన్నారు నాన్నా, వాళ్లని అడక్కుండా పెట్టలేను. ఒప్పుకుంటే పెడతాను.

వినికిడి (ఉదయం 6:35)

నేను విశాఖలో ఆడియాలజిస్టుని. రోజంతా వినికిడి తగ్గినవాళ్లతోనే నా పని. ఈ క్లిప్ గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది, కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

2010లో ఈ వీడియో బయటికి రాగానే చరిత్ర తెలిసినవాళ్లు చెప్పిన సమాధానం వినికిడి పరికరం. చాలామంది అది విని "ఓహో, చెవి దగ్గర పెట్టుకునే బాకానా" అని పెద్ద ఆసక్తి లేకుండా వదిలేశారు. అసలు కథ అక్కడే ఉంది.

అప్పటికి రెండు రకాల పరికరాలు వాడుకలో ఉండేవి. ఒకటి కరెంటుతో పని లేనిది: ఒక వైపు వెడల్పుగా, ఇంకో వైపు సన్నగా ఉండే గొట్టం. సన్నటి కొస చెవిలో పెట్టుకుంటే వెడల్పు మూతి శబ్దాన్ని పోగుచేసి లోపలికి పంపుతుంది. అన్నీ బారుగా బాకాలా ఉండేవి కావు. అరచేతిలో ఇమిడేవి, చదునుగా పెట్టెలా ఉండేవి కూడా చేశారు. రెండోది కార్బన్ వినికిడి యంత్రం. ఇందులో ఒక మైక్రోఫోను, బ్యాటరీ, చెవి దగ్గర పెట్టుకునే రిసీవరు ఉంటాయి. ఇంగ్లండ్ రాణి అలెగ్జాండ్రా 1902 పట్టాభిషేకం నాటికే ఇలాంటిది వాడారు, దాని పేరు అకౌస్టికాన్. 1920లకి సీమెన్స్ లాంటి కంపెనీలు చేత్తో మోసుకుపోగలిగిన చిన్న యంత్రాలు అమ్ముతున్నాయి. రిసీవరుని చేత్తో చెవికి ఆనించి పట్టుకునే మోడళ్లు ఉండేవి.

ఇప్పుడు ఒక్కసారి ఆలోచించండి. కార్బన్ మైక్రోఫోను టెలిఫోన్ కోసం వచ్చింది. రిసీవరు కూడా టెలిఫోన్‌దే. చెవిటివాళ్ల పరికరం, టెలిఫోన్ ఒక తల్లి బిడ్డలు. టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహంబెల్ తల్లికి దాదాపు వినబడేది కాదు. ఆయన పెళ్లాడిన మేబెల్‌కి అయిదేళ్లప్పుడు జ్వరం వచ్చి వినికిడి పూర్తిగా పోయింది. ఆయన వృత్తి చెవిటి పిల్లలకి మాటలు నేర్పడం. కాబట్టి 1928లో ఒక ఆవిడ చెవి దగ్గర చెయ్యి ఫోన్ పట్టుకున్నట్టు కనిపించడంలో వింత లేదు. అది నిజంగానే టెలిఫోన్ భాగాలతో చేసిన వస్తువు అయ్యుండొచ్చు.

"మరి మాట్లాడుతోంది కదా" అంటారు. వినికిడి యంత్రం కొత్తగా పెట్టుకున్నవాళ్లు బయటికి నడుస్తూ తమ గొంతు తామే వినడానికి ఏదో ఒకటి అనుకుంటూ ఉంటారు. మా క్లినిక్ వరండాలో రోజూ చూస్తాను. ఎన్నో ఏళ్ల తర్వాత తన గొంతు తనకి వినబడితే ఎవరైనా మాట్లాడకుండా ఎలా ఉంటారు?

కాలచక్రం (ఉదయం 7:20)

వినికిడి గారూ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు, ధన్యవాదాలు. ఒక సందేహం. వీధిలో అందరిముందు అలాంటి పరికరం పట్టుకుని తిరిగేవాళ్లా? చెవుడు ఉన్నవాళ్లు దాచుకోవాలని చూస్తారు కదా.

వినికిడి (ఉదయం 7:58)

చాలా మంచి ప్రశ్న. దాచుకునేవాళ్లు. ఎంతగా అంటే దాని మీదే ఒక వ్యాపారం నడిచింది. లండన్‌లో ఎఫ్.సి. రెయిన్ అనే కంపెనీ విసనకర్రల్లో, టోపీల్లో, తలకట్టుల్లో వినికిడి గొట్టాలు దాచి అమ్మేది. పోర్చుగల్ రాజు ఆరవ జాన్ కోసం ఏకంగా ఒక సింహాసనమే చేశారు. దాని చేతుల చివర సింహం నోళ్లు తెరిచి ఉంటాయి. వచ్చినవాళ్లు మోకాళ్ల మీద కూర్చుని ఆ నోట్లోకి మాట్లాడాలి. ఆ మాట గొట్టాల గుండా రాజుగారి చెవికి చేరేది.

అందుకే ఆ ఫుటేజీ ఆవిడ టోపీ అంత కిందికి దించుకుని, కాలరు పైకి లాక్కుని, చెయ్యి మొహానికి అడ్డంగా పెట్టుకుని పోవడం నాకు చాలా తెలిసిన దృశ్యం. ఇప్పటికీ మా దగ్గరికి వచ్చే ఆడపిల్లల తల్లిదండ్రులు మొదట అడిగేది "జుట్టు కింద కనబడకుండా ఉంటుందా" అనే. బాగా వినబడుతుందా అన్నది రెండో ప్రశ్న. పెళ్లి సంబంధాల టెన్షన్ అది. ఆ ఆవిడని కాలప్రయాణికురాలు అని లక్షలమంది చూశారు. చెవుడు ఉన్న మనిషి అయ్యుండొచ్చని చూసినవాళ్లు చాలా తక్కువ. నాకు బాధ కలిగించేది అదే.

రీలుపెట్టె (ఉదయం 10:12)

చెన్నైలో పాత ఫిల్ములు శుభ్రం చేసి స్కాన్ చేసే పని నాది. ఇక్కడ అందరూ "చేతిలో వస్తువు" అంటున్నారు. అసలు ఆ చేతిలో వస్తువు ఉందని ఎలా తేలింది? ఆ క్లిప్ ఆపి ఆపి చూస్తే నల్లటి మచ్చ ఒకటి కనబడుతుంది, అంతే.

లెక్క చెబుతాను. అమెరికా డీవీడీ బొమ్మకి నిలువునా 480 గీతలు ఉంటాయి. అయిదున్నర అడుగుల మనిషి తెర ఎత్తులో సగం ఉందనుకుంటే ఆవిడ మొత్తం 240 గీతల్లో ఇమిడింది. అంటే ఒక్కో గీత ఏడు మిల్లీమీటర్లు. అయిదు సెంటీమీటర్ల వెడల్పున్న వస్తువుకి దక్కేది ఏడు గీతలు. అందులో సగం వేళ్లు, వేళ్ల నీడ. దాని మీద ఫైలు సైజు తగ్గించడానికి యూట్యూబ్ చేసే నొక్కుడు. ఇక ఆ డీవీడీకి ముందు ఏం జరిగిందో చూడండి. కెమెరాలో నెగటివ్, దాని నుంచి ప్రింటు, ఆ ప్రింటు నుంచి ఇంకో నెగటివ్, మళ్లీ ప్రింటు. ప్రతి కాపీలో నలుపు ఇంకా నల్లబడుతుంది, తెలుపు ఇంకా తెల్లబడుతుంది, మధ్యలో ఉన్న బూడిదరంగు వివరాలు పోతాయి. నల్లకోటు చేతికీ, చేతి కింద నీడకీ, గ్లవ్స్‌కీ, వస్తువుకీ మధ్య తేడా చెప్పేది ఆ బూడిదరంగే.

పెదాల సంగతి కూడా అంతే. అది మూకీ ఫుటేజీ. చాలా కెమెరాలు చేత్తో తిప్పేవాళ్లు, సెకనుకి పదహారో పద్దెనిమిదో ఇరవయ్యో ఫ్రేములు, ఆ మనిషి చెయ్యి ఎలా తిరిగితే అలా. దాన్ని ఇరవై నాలుగు స్పీడులో ఆడిస్తే నడక ఎగిరెగిరి పడుతుంది, దవడ కొద్దిగా కదిలినా గడగడా మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

వినికిడి గారు చెప్పిందే నిజం కావచ్చు. లేదా కెమెరా చూసి మొహం దాచుకుంటూ ఉండొచ్చు. ఫుటేజీ అంతకుమించి చెప్పదు.

కెనడా కబుర్లు (ఉదయం 10:40)

వాంకూవర్ నుంచి. ఇలాంటిదే మా రాష్ట్రంలో ఒకటి ఉంది, అది సినిమా కాదు, ఫోటో. కానీ దానికి బోలెడు వివరాలు దొరికాయి కాబట్టి చెబుతున్నాను.

బ్రిటిష్ కొలంబియా కొండల్లో గోల్డ్ బ్రిడ్జ్ అనే చిన్న ఊరు. చుట్టూ బంగారు గనులు. 1940 నవంబరు నాటి వరదకి దెబ్బతిన్న సౌత్ ఫోర్క్ వంతెన మళ్లీ తెరిచినప్పుడు జనం గుమిగూడారు. బ్రలోర్న్ పయనీర్ మ్యూజియం వాళ్లు ఆ ఫోటోని ఇంటర్నెట్లో ప్రదర్శనకి పెట్టారు. 2010లో ఎవరో దాన్ని పట్టుకున్నారు. టోపీలు, సూట్లు వేసుకున్న పెద్దమనుషుల మధ్య ఒక కుర్రాడు, నల్లకళ్లద్దాలు, మీద ఎం అక్షరం ఉన్న చొక్కా, చేతిలో చిన్న కెమెరా. ఇంటర్నెట్ అతనికి "కాలంలో ప్రయాణించిన హిప్‌స్టర్" (అంటే ఈ కాలం ఫ్యాషన్ కుర్రాడు) అని పేరు పెట్టింది.

అయితే పట్టుదలగా వెతికినవాళ్లు ఒక్కొక్కటీ తేల్చారు. పక్కన కవచం ఉన్న అలాంటి కళ్లద్దాలు అప్పటికే దొరికేవి. ఎం అక్షరం ఉన్నది అచ్చువేసిన టీషర్టు కాదు, అక్షరం కుట్టిన స్వెటరు. మాంట్రియల్ మరూన్స్ అనే హాకీ జట్టు 1938 దాకా ఆడింది, వాళ్ల గుర్తు అలాంటిదే. చేతిలో ఇమిడే మడత కెమెరాలు కొడాక్ ఎప్పటి నుంచో అమ్ముతోంది.

అంటే ఆ కుర్రాడి ఒంటి మీద ఉన్నవన్నీ ఆ ఏడాది దుకాణంలో దొరికేవే. అందరూ ఆదివారం బట్టల్లో వస్తే అతను తనకి సుఖంగా ఉన్న బట్టల్లో వచ్చాడు. ఆ కాలం వాళ్లంతా ఒకేలా ఉండేవాళ్లని మనం అనుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది.

పాతబస్తీ పావురం (మధ్యాహ్నం 12:30)

మాసచూసెట్స్ ఫ్యాక్టరీ వీడియో ఎవరూ ఎత్తలేదేం? 1938 అంటారు. ఆడవాళ్లు గుంపుగా నవ్వుకుంటూ ఫ్యాక్టరీ బయటికి వస్తుంటే ఒక అమ్మాయి చెవి దగ్గర ఏదో పెట్టుకుని మాట్లాడుతుంది. ఆ అమ్మాయి మా ముత్తవ్వ, ఫ్యాక్టరీ వాళ్లు వైర్‌లెస్ ఫోన్ పరీక్షించడానికి ఇచ్చారు అని ఎవరో కామెంటులో రాశారు. దానికేమంటారు?

రీలుపెట్టె (మధ్యాహ్నం 1:05)

ఆ కామెంటు తప్ప ఇంకో ఆధారం బయటికి రాలేదు. ఒక కాగితం లేదు, యంత్రం లేదు, ఫోటో లేదు. అది లెమిన్‌స్టర్ ఊళ్లోని డ్యూపాంట్ ఫ్యాక్టరీ అని చెబుతారు. ఆ ఊరు దువ్వెనలకి పేరు. మొదట కొమ్ముతో, తర్వాత సెల్యులాయిడ్‌తో, ఇతర ప్లాస్టిక్కులతో చేసేవాళ్లు. ఫోన్లు చేసే ఊరు కాదు. పని వదిలి వస్తున్న అమ్మాయి చేతిలో ఏముంటుందో ఆలోచించండి. దువ్వెన, అద్దం, రుమాలు, పర్సు, ఏదైనా.

నాకు ఆ క్లిప్ చాలా ఇష్టం, వేరే కారణానికి. షిఫ్టు అయిపోయిన సంతోషం ఆ మొహాల్లో అంత తేటగా పట్టిన ఫిల్ము అరుదు. అందరూ ఒక్క అమ్మాయి చేతి చుట్టూ ఎర్ర వలయం గీసి మిగతా అందరినీ చెరిపేశారు.

బెజవాడ కుర్రాడు (మధ్యాహ్నం 1:30)

బాక్సర్ మైక్ టైసన్ మ్యాచ్‌ది కూడా ఉంది. 1995 ఆగస్టు, లాస్ వెగాస్, పీటర్ మెక్‌నీలీతో. 89 సెకన్లలో అయిపోయింది. ముందు వరసలో ఒకతను స్మార్ట్‌ఫోన్‌తో వీడియో తీస్తున్నట్టే ఉంటాడు. నేను వెతికితే తెలిసింది, ఆ ఏడాదే కాసియో క్యూవీ-10 అనే డిజిటల్ కెమెరా వచ్చింది. వెనక చిన్న తెర ఉంటుంది, లెన్సు ఒక పక్కన తిరుగుతుంది. నిలువుగా పట్టుకుంటే అచ్చం ఫోనే. మెగాపిక్సెల్‌లో నాలుగో వంతు బొమ్మ. అతని చేతిలో అదో, అలాంటి ఇంకోటో ఉంటే చాలు.

పోతన పద్యం (సాయంత్రం 5:15)

అందరూ యంత్రాల గురించే మాట్లాడుతున్నారు. మన భాగవతంలో నవమ స్కంధంలో రైవతుడి కథ ఉంది కదా. కూతురు రేవతికి వరుణ్ణి అడగడానికి ఆయన బ్రహ్మలోకం వెళతాడు. అక్కడ పాట జరుగుతుంటే కాసేపు ఆగి విని, తర్వాత తన మనసులో ఉన్న రాజుల పేర్లు చెబుతాడు. బ్రహ్మ నవ్వి, నువ్వు ఇక్కడ ఉన్న ఆ కాసేపట్లో భూమి మీద ఇరవై ఏడు మహాయుగాలు గడిచిపోయాయి, వాళ్లూ లేరు, వాళ్ల మనవలూ లేరు అంటాడు. చివరికి రేవతిని బలరాముడికి ఇస్తాడు. కాలం అన్నిచోట్లా ఒకేలా నడవదన్న ఊహ మనవాళ్లకి కొత్త కాదు. అందుకని కాలప్రయాణం అసంభవం అని తేల్చెయ్యడం నాకు ఇష్టం లేదు.

ఓరుగల్లు మాస్టారు (సాయంత్రం 6:02)

పద్యం గారూ, ఈ కథ నేను క్లాసులో తప్పకుండా చెబుతాను. పిల్లలు ఎంత అల్లరి చేస్తున్నా రేవతి పేరు ఎత్తగానే వింటారు. అసంభవం అని నేనూ అనను. కానీ దిక్కు గమనించండి. రైవతుడు ముందుకే వెళ్లాడు. తిరిగి తన కాలానికి రాలేకపోయాడు. ఫిజిక్స్ కూడా ఇప్పటికి ఆ దిక్కునే ఒప్పుకుంటుంది.

1971లో హేఫెలే, కీటింగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అణు గడియారాలను మామూలు ప్రయాణికుల విమానాల్లో పెట్టుకుని భూమి చుట్టి వచ్చారు. ఒకసారి తూర్పుకి, ఒకసారి పడమరకి. తిరిగొచ్చి నేల మీద ఉన్న గడియారంతో పోలిస్తే తేడా కనబడింది. తేడా నానో సెకన్లలోనే (సెకనులో వంద కోట్లో వంతు ఒక నానో సెకను), కానీ ఐన్‌స్టీన్ లెక్క చెప్పినట్టే వచ్చింది. వేగంగా తిరిగేవాళ్లకి కాలం కొంచెం నెమ్మదిగా నడుస్తుంది. అంటే చాలా వేగంగా పోగలిగితే రైవతుడిలా మన మనవల కాలంలో దిగొచ్చు. వెనక్కి, 1928కి రావడానికి మాత్రం ఇంతవరకు ఏ ప్రయోగమూ దారి చూపలేదు.

కాలచక్రం (సాయంత్రం 6:40)

ప్రయోగం లేదంటే ఎవరూ ప్రయత్నించలేదనా?

ఓరుగల్లు మాస్టారు (సాయంత్రం 7:11)

ప్రయత్నించారు, అదీ చాలా చక్కగా. భౌతికశాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ 2009 జూన్ 28న కేంబ్రిడ్జ్‌లో కాలప్రయాణికుల కోసం విందు ఏర్పాటు చేశాడు. షాంపేన్ పెట్టాడు, బెలూన్లు కట్టాడు. ఆహ్వానం మాత్రం విందు అయిపోయాక బయటపెట్టాడు. అంటే ఆ రోజుకి రావాలంటే భవిష్యత్తులో ఆహ్వానం చూసి వెనక్కి రావలసిందే. ఎవరూ రాలేదు.

2013లో అమెరికాలోని మిషిగన్ టెక్ యూనివర్సిటీలో నెమిరాఫ్, విల్సన్ అనే ఇద్దరు ఇంకో దారి పట్టారు. ఒక తేదీకి ముందు ఎవరికీ తెలిసే వీలులేని మాటలు తీసుకున్నారు. ఒకటి ఐసాన్ తోకచుక్క, 2012 సెప్టెంబరులో కనిపెట్టారు. ఇంకొకటి పోప్ ఫ్రాన్సిస్ అన్న పేరు, 2013 మార్చి దాకా ఆ పేరుతో పోప్ లేడు. ఆ తేదీలకి ముందే ఇంటర్నెట్లో ఎవరైనా ఈ మాటలు వాడారా అని వెతికారు. నమ్మదగింది ఒక్కటీ దొరకలేదు. దొరకలేదు కాబట్టి లేరని వాళ్లు కూడా తేల్చలేదు. కానీ అడగవలసిన పద్ధతి అది. చెవి దగ్గర చెయ్యి ఉంటే ఎన్ని కారణాలైనా ఉండొచ్చు. తోకచుక్క పేరు ముందే రాస్తే కారణం ఒక్కటే ఉంటుంది.

కాలచక్రం (రాత్రి 8:03)

ఈ పద్ధతి నాకు నచ్చింది. అయినా కాలప్రయాణం ఉండొచ్చన్న నా ఆశ వదులుకోను. ఆ ఆవిడ విషయంలో మాత్రం వినికిడి గారి మాట బలంగా ఉంది. ఇంకో ప్రశ్న రీలుపెట్టె గారికి. ఇప్పుడు ఏఐతో పాత వీడియోలను 4కేలోకి మారుస్తున్నారు కదా. ఆ ఫుటేజీని అలా పెంచి చూస్తే చేతిలో ఏముందో తేలదా?

రీలుపెట్టె (రాత్రి 8:45)

దయచేసి ఆ పని చెయ్యకండి, చేసినదాన్ని నమ్మకండి.

1896లో లూమియేర్ సోదరులు తీసిన రైలు ఫిల్ముని 2020లో ఒకరు అలా మార్చి పెడితే లోకమంతా మెచ్చుకుంది. చూడ్డానికి హాయిగా ఉంటుంది, కాదనను. కానీ ఏఐ ఏం చేస్తుందంటే, ఉన్న ఏడు గీతల మధ్య లేని గీతలు ఊహించి నింపుతుంది. ఆ ఊహ ఎక్కడి నుంచి వస్తుంది? ఈ కాలం ఫోటోలు లక్షల్లో చూసి నేర్చుకున్నదాని నుంచి. చెవి దగ్గర చెయ్యి ఉన్న ఈ కాలం ఫోటోల్లో ఎక్కువ వాటిలో ఉండేది ఫోనే. కాబట్టి అది శ్రద్ధగా ఫోన్ గీసి ఇస్తుంది. రేపు దాన్నే సాక్ష్యం అని చూపిస్తారు. ఇప్పుడైతే పూర్తిగా ఏఐతోనే 'పాత ఫుటేజీ' తయారుచేసి పెడుతున్నారు, గీతలూ దుమ్మూ కూడా కలిపి. తేలాలంటే ఉన్న దారి ఒక్కటే. అన్నిటికన్నా పాత ప్రింటు, కుదిరితే నెగటివ్, ఎక్కడుందో కనుక్కుని దాన్ని బాగా స్కాన్ చెయ్యాలి. అమెరికా వాళ్ల మూకీల్లో కూడా చాలా భాగం పోయాయి, కానీ ఈ ఫుటేజీ లాంటివి కొన్ని మిగిలాయి.

మనకి వెతకడానికి ఫుటేజీ కూడా లేదండీ. తెలుగువాళ్లు మద్రాసులో తీసిన మూకీల్లో దాదాపు ఏదీ మిగల్లేదు. అప్పట్లో వాడింది నైట్రేట్ ఫిల్ము, నిప్పంటుకుంటే ఆరదు. కాలినవి కొన్ని, వెండి కోసం కరిగించినవి కొన్ని, డబ్బాల్లోనే పొడైనవి కొన్ని. 1920ల్లో మద్రాసు మౌంట్ రోడ్డు మీద మనవాళ్లు ఎలా నడిచారో, చెవిటి ముసలమ్మ చెయ్యి ఎక్కడ పెట్టుకుందో చూసే వీలు మనకి దాదాపు లేదు. ఈ చర్చ చదువుతున్నంతసేపూ నా మనసులో అదే తిరుగుతోంది.

సీతమ్మధార (రాత్రి 9:20)

రీలుపెట్టె బాబూ, మీ మాట చదివాక అడగాలనిపించింది. ఆ ట్రాన్సిస్టర్ మావయ్యే మా పెళ్లికి తన స్నేహితుడి కెమెరాతో చిన్న రీళ్లు కూడా తీశాడు. రేకు డబ్బాలో ఉన్నాయి, అటక మీద. ఆయన పోయి చాలా ఏళ్లయింది. మా నాన్న నడిచే దృశ్యం ఇంకెక్కడా లేదు. మొన్న డబ్బా మూత తీస్తే పుల్లటి వాసన కొట్టింది. ఏమైనా చెయ్యొచ్చా?

రీలుపెట్టె (రాత్రి 9:34)

అమ్మా, చెయ్యొచ్చు, ఆలస్యం మాత్రం వద్దు. ఆ పుల్లటి వాసన వెనిగర్‌ది. ఎసిటేట్ ఫిల్ము విరుగుతున్నప్పుడు అలా వస్తుంది. వేడి, తేమ ఉన్నచోట అది ఆగదు, మీ విశాఖ గాలిలో మరీ త్వరగా పెరుగుతుంది. ఒక రీలుకి మొదలైతే పక్కవాటికి కూడా పాకుతుంది. అందుకని వాసన వస్తున్న రీళ్లని మిగతావాటి నుంచి వేరుచెయ్యండి. అటక మీద నుంచి దించి, ఇంట్లో అన్నిటికన్నా చల్లగా, పొడిగా ఉండే గదిలో పెట్టండి. డబ్బా మూత బిగించకండి, ఆ ఆవిరి బయటికి పోవాలి.

ఎవరు చెప్పినా ప్రొజెక్టర్లో వెయ్యకండి. ఫిల్ము కుంచించుకుపోయి ఉంటుంది, పక్కనున్న రంధ్రాలు పళ్లచక్రానికి సరిపడక చిరిగిపోతుంది. సూపర్ 8 (ఇళ్లలో తీసుకోవడానికి వాడిన సన్న ఫిల్ము) అయితే ఒక్కో రీలు మూడు నిమిషాల పైచిలుకు, అంతే, ఒక్క చిరుగుకి మీ నాన్నగారి నడక పోతుంది. పళ్లచక్రం లేకుండా ఫ్రేము ఫ్రేము తీసే స్కానర్లు ఉన్నాయి, అలాంటి చోటే ఇవ్వండి. డబ్బా మీద ఏమైనా రాసి ఉంటే, ఊరు, తేదీ, పేర్లు, ముందు దాన్ని ఫోటో తీసి పెట్టుకోండి. ఫిల్ము వెడల్పు స్కేలుతో కొలిచి ఎంతుందో, పొడి రాలుతోందో లేదో నాకు మెసేజ్ పెట్టండి, మీకు దగ్గర్లో ఎక్కడ స్కాన్ చేస్తారో కనుక్కుని చెబుతాను.